సల్లలో అమీబా

"అమీబాలల్ల గూడ కులాలుంటయా సార్?" గ్లోరీ లేచి అడిగింది.

"కులాలు గాదు, గుణాలు. పొయ్యి మల్ల చదువుకో" అని జువాలజీ రఘుపతి సారు పరీక్ష పేపర్ ఆమె ముందు పడేశాడు. 'అమీబాల వర్గీకరణ, ప్రాముఖ్యత' అన్న ప్రశ్న పక్కన ఎర్ర సిరాతో కోడిగుడ్డంత సున్నా.

"అమీబా కడుపుల పడితే నెత్తురు విరేచనాలైతయని రాసిన గద సార్! మా అవ్వకు దవాఖానల గదే చెప్పిండ్రు."

"ఓహో! మీ అవ్వనడిగి పరీక్ష రాసినవా?"

క్లాసంతా గొల్లుమంది. గ్లోరీకి ఒళ్లు మండిపోయింది. నవ్వితే నవ్వారు, పళ్లు వాళ్లవి. కానీ ఈ సున్నాతో జువాలజీ తప్పింది. ఇక చౌటుప్పల్ మందుల కంపెనీలో ల్యాబ్ ఉద్యోగం గంగలో కలిసినట్టే. అన్ని సబ్జెక్టులూ పాసైనవాళ్లనే తీసుకుంటామని కంపెనీవాళ్లు ముందే చెప్పారు.

'నా నోటికాడి బుక్క గుంజుకుంటవా? నిన్ను చెంబు పట్టుకొని ఉరికియ్యకుంటే నా పేరు గ్లోరీనే గాదు' అని పళ్లు నూరింది.

మధ్యాహ్నం అన్నాల వేళ ల్యాబ్‌లో నరపురుగు లేదు. బల్ల మీద సారు మజ్జిగ సీసా ఉంది. కిటికీ పక్కన పొద్దున మైక్రోస్కోపు కింద చూపించిన నీళ్ల జాడీ ఉంది. దాని చీటీ మీద పెద్దక్షరాలతో 'అమీబా' అనీ, కింద సన్నగా ఇంకేదో రాసి ఉంది. గ్లోరీకి పైమాట చాలు. ఇంకేం కావాలి! జాడీ ఎత్తి సీసాలోకి ఇంత వంపి, బాగా గిలకొట్టి, మూత బిగించింది.

అంతలోనే సారు వచ్చాడు. ఒక్కడే తాగే అలవాటు లేదాయనకు. రెండు గ్లాసులు తీసి మజ్జిగ పోశాడు.

"దా బిడ్డా, సల్ల తాగు. జర కోపం సల్లారుతది."

"నాకొద్దు సార్."

"ఏం, సున్న ఏసిన్నని నా సల్ల గూడ ముట్టవా? నువ్వు తాగకుంటే నేను గూడ తాగ."

గ్లోరీ ఇరుకున పడింది. తాగకపోతే పగ తీరదు. తాగితే తనకూ అదే గతి. అవ్వ పడ్డ అవస్థంతా కళ్లముందు కదిలింది. అయినా సరే, పడితే ఇద్దరం పడదాం! ఎదుటివాడికి అపశకునం కావాలని తన ముక్కు తానే కోసుకున్నట్టు, కళ్లు మూసుకొని గటగటా తాగేసింది.

సారు కూడా ఆఖరి చుక్క దాకా తాగి మూతి తుడుచుకున్నాడు.

'సచ్చినవ్ పో' అనుకుంది గ్లోరీ. అనుకోగానే ఆమె కడుపులోనే గుడగుడ మొదలైంది. పేగులు మెలిపెట్టినట్టయింది. పొట్ట పట్టుకొని తలుపు వైపు పరుగెత్తింది.

"ఆగు గ్లోరీ, ఉరుకకు!" వెనకనుంచి సారు కేకేశాడు. "నువ్వు జాడీల నీళ్లు కలుపంగ కిటికీలకెల్లి చూసిన. అది చెర్వుల బతికే అమీబా, మనిషి కడుపునేం జెయ్యది. గీ ఒక్క ముక్క రాయలేదనే నీకు సున్న ఏసిన!"