ఎడమవైపు మీట

తండ్రి ఒకప్పుడు నడిపిన యుద్ధవిమానాన్ని ఆమె తన కంపెనీ తయారుచేసే సిమ్యులేటర్ ఆటలో చేర్చింది. బతికున్నన్నాళ్ళూ ఆయన అడుగుతూనే ఉండేవాడు.

"నా విమానం కూడా పెట్టమ్మా. అన్నీ దగ్గరుండి చెబుతాను."

"తీరిక చూసుకుని కూర్చుందాం నాన్నా" అంటూ రోజులు గడిపేసింది. ఆయన పోయాక ఫొటోలు చూసి తయారుచేసింది.

ఒక రాత్రి ఖాళీ ఆఫీసులో హెడ్‌ఫోన్లు పెట్టుకుని దాన్ని పరీక్షించడానికి కూర్చుంది. విమానం మబ్బులు దాటింది. కాక్‌పిట్‌లో ఎడమవైపు మీట ఒకటి దేనికో తెలియక, తయారుచేసేటప్పుడు కదలని బొమ్మగానే వదిలేసింది. ఇప్పుడా మీట తనంతట తానే మెల్లగా కిందికి దిగింది.

ఇంజిన్ మోత ఆగిపోయింది. చెవుల్లో ఎవరిదో ఊపిరి వినిపిస్తోంది.

"నాన్నా, అది దేనికి?" అని అడిగింది.

మాట మొదలుపెట్టబోయే మనిషిలా, ఆ ఊపిరి ఒక్క క్షణం ఆగింది.