మెట్ల కింద పిల్ల

"మిషన్లు ఎందుకాపారు?" కుట్టుషాపు యజమానురాలు లోపలికి వస్తూనే అడిగింది.

ఎవరూ తలెత్తలేదు. కత్తిరింపు బల్ల మీద ఫోన్ లోంచి ఒక గొంతు పిల్లల నవల చదువుతోంది. యుద్ధంలో గూఢచారిగా తిరిగే పదేళ్ల పిల్ల కథ అది.

"నెమ్మదిగా మాట్లాడమ్మా," కాజాలు కుట్టే పెద్దావిడ గుసగుసలాడింది. "పిల్ల మెట్ల కింద దాక్కుంది. సైనికులు ఇంట్లోకొచ్చారు."

"అయితే?"

"మన చప్పుడుకి ఇటు తిరిగారంటే?"

"మీకేమైనా మతిపోయిందా? మధ్యాహ్నానికి యూనిఫాంలు ఇవ్వకపోతే స్కూలువాళ్లు ఆర్డరు వేరేవాళ్లకిస్తారు. ఆ ఫోనాపండి."

"ఆపితే పిల్ల అక్కడే ఇరుక్కుపోదూ?"

యజమానురాలు విసురుగా ఒక మిషను ముందు కూర్చుని పెడల్ మీద కాలు పెట్టింది. ఫోన్‌లో బూట్లు మెట్లెక్కుతున్నాయి. ఒక జత బూట్లు సగంలో ఆగాయి. పిల్ల ఊపిరి బిగబట్టింది.

పెడల్ కదల్లేదు.

అంతలో ఎవరో తలుపు దబదబా బాదారు. యజమానురాలు మునివేళ్ల మీద వెళ్లి సగం తలుపు తీసింది. ఎదురుగా స్కూలు గుమాస్తా.

"యూనిఫాంలు అయ్యాయా అమ్మా?"

ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇక్కడ ఏ పిల్లా లేదండీ," అంది నుదుటి చెమట తుడుచుకుంటూ.

గుమాస్తా ఆమె భుజం మీదుగా ఆగిపోయిన మిషన్లను చూశాడు. కాసేపు ఫోన్ విన్నాడు. తర్వాత కిర్రుమనే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా లోపలికొచ్చి పెద్దావిడ పక్కన కూర్చున్నాడు.

"ఆ ఇంటికి వెనక గుమ్మం ఉందా?" అని అడిగాడు.