వద్దుగారు

ఆయన పెరుగు గిన్నెను మెల్లగా బల్ల చివరికి జరిపాడు.

మెస్సు నడిపే అక్క వంటగది గుమ్మంలోంచి అది చూసింది. ఆమె ముఖం మాడిపోయింది.

పెద్దాసుపత్రి వెనక వీధిలో ఉంది ఆ మెస్సు. నాలుగు బల్లలు, పొగ పట్టిన గోడలు, ఎప్పుడూ ఆరని గచ్చు. కూరల సంగతి ఎలా ఉన్నా, అక్క తోడుపెట్టిన పెరుగు కోసం జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు. ఈ పెద్దాయన మాత్రం ఏళ్ల తరబడి వస్తున్నా దాన్ని ముట్టింది లేదు. పెరుగు వద్దు, రొట్టె మీద వెన్న వద్దు, టీలో పాలు వద్దు. వడ్డించేవాళ్లు ఆయనకు వద్దుగారు అని పేరు పెట్టేశారు. అలా పిలిస్తే ఆయన నవ్వుతూ పలికేవాడు కూడా.

గడియారాలు బాగుచేస్తాడని తెలుసు. వెనకా ముందూ ఎవరూ లేరని తెలుసు. అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు.

మరో రోజైతే అక్క చూసీ చూడనట్టు ఊరుకునేదే. కానీ ఆ రోజు వేరు. గుండెపోటుతో మంచాన పడిన ఆమె భర్త, నెలల తర్వాత మళ్లీ వచ్చి గల్లా దగ్గర కూర్చున్న రోజు అది.

ఆ నెలలన్నీ ఇంట్లో భయమే. వెన్న మానేశాడు, సరే. ఎవరి మాటలో విని పాలన్నా, పెరుగన్నా ఉలిక్కిపడేవాడు. తిండి సయించక చిక్కి సగమయ్యాడు. చివరికి గుండె డాక్టరే కోప్పడ్డాడు. వెన్న, చక్కెర పోసిన పాలు తగ్గించు గానీ, చప్పటి పెరుగు ఓ గిన్నెడు తింటే నీకేం కాదని గట్టిగా చెప్పాడు. ఆ పెరుగు ముద్దతోనే మనిషి లేచి కూర్చున్నాడు.

ఆ సంతోషంలో అక్క ఆ పూట అందరికీ తన చేత్తోనే పెరుగు వడ్డించింది. అందరూ గిన్నెలు ఊడ్చేశారు, ఆయన తప్ప.

ఆమె బల్ల దగ్గరకు వచ్చి నిలబడింది.

"మా ఆయన లేచి తిరుగుతున్నాడని పెట్టాను. ఈ ఒక్క పూటైనా తినొచ్చుగా?"

"వద్దమ్మా. ఏమీ అనుకోకు."

"అనుకోకుండా ఎట్లా? నా చేతి పెరుగులో విషమేమైనా ఉందా?"

భర్త ఊరుకోమని సైగ చేశాడు. అప్పటికే ఆమె నోరు జారింది. ఇన్నాళ్లూ తన తిండి తింటూ తననే చిన్నచూపు చూశాడంది. అంత గొప్పవాడైతే రేపటి నుంచి ఇంకోచోటు చూసుకోమంది.

ఆయన కాసేపు ఆ గిన్నె వైపే చూస్తూ ఉండిపోయాడు.

"నీ చేతికి వంక పెట్టేవాణ్ణి కాదమ్మా," అన్నాడు.

కంచంలో సగం అలాగే వదిలేసి, చేయి కడుక్కుని వెళ్లిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. కోపం చల్లారాక అక్క మనసులో ముల్లు కలుక్కుమంది. వెళ్లి పిలుచుకు రమ్మన్నాడు భర్త. ఎక్కడికని వెళ్తుంది? అన్నేళ్లు అన్నం పెట్టింది గానీ, ఇల్లెక్కడని ఒక్కనాడూ అడగలేదు.

ముసురు పట్టిన ఓ మధ్యాహ్నం గుండె డాక్టరు మెస్సుకు వచ్చాడు. భర్త కంగారుగా లేచి నిలబడ్డాడు. నీ కోసం కాదు, కూర్చోమన్నాడు డాక్టరు. మీ దగ్గర తినే గడియారాల పెద్దాయన తన గదిలోనే నిద్రలో పోయాడని, పొద్దున ఆసుపత్రివాళ్లమే సాగనంపి వచ్చామని చెప్పాడు.

అక్క వంటగది గుమ్మం దాటి వచ్చింది.

"ఆయన మీకేమవుతాడు సార్?"

డాక్టరు గొడుగు మూలన పెట్టి కూర్చున్నాడు. చాలా ఏళ్ల కిందట, పాలూ పెరుగూ గుండెకూ చక్కెర జబ్బుకూ మేలో కీడో తేల్చుకుందామని ఆసుపత్రిలో ఒక పరిశోధన మొదలుపెట్టారట. కొందరు రోజూ తినాలి. కొందరు అసలు ముట్టకూడదు; ఆయన ఈ రెండో జట్టు. ఏటేటా వచ్చి రక్తం ఇవ్వాలి. రెండు జట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తేనే నిజం తెలిసేది.

"పెరుగు తినమని మీ ఆయనకు ధైర్యంగా చెప్పానే, ఆ ధైర్యం అక్కణ్ణుంచి వచ్చిందేనమ్మా."

అక్క ఎదురుగా కూర్చుంది. "నాతో ఒక్క మాట చెబితే పోయేదిగా సార్?"

"నేనూ అదే అన్నాను. చెబితే నువ్వు జాలిపడి ఒక్క ముద్ద తినమంటావట. అలా జాలిగా అడిగితే తను కాదనలేడట."

బయట వాన పెద్దదైంది. డాక్టరు వంటింటి పక్కన, ఆయన రోజూ కూర్చునే ఖాళీ కుర్చీ వైపు చూశాడు.

"తినేందుకు బోలెడుమంది దొరికారమ్మా, మానేస్తామన్నవాళ్లే ఒక్కొక్కళ్లూ జారుకున్నారు, చివరిదాకా మాట మీద నిలబడ్డ పిడికెడు మందిలో పెరుగంటే ప్రాణం పెట్టేవాడు ఆయనొక్కడే."