వెనక్కి వాలిన అద్దం

“దీన్నేదో భాషలో గుర్రం అంటారట,” అన్నాడు వడ్రంగి, నిలువుటద్దాన్ని బండి మీంచి దించుతూ. “మనిషంత గాజుపలక పోతపోయడం వచ్చాకే ఇలాంటివి పుట్టాయిట. నాలుగు కాళ్ళ చట్రంలో వేలాడుతుంది కదా, అందుకని ఆ పేరు. తన్నదులే, దగ్గరికి రా.”

“తన్నేట్టు చెయ్యగలరా?” అంది భార్య.

వడ్రంగి నవ్వబోయి ఆగిపోయాడు. ఆ అద్దం అతని అక్కది, బాగుచెయ్యమని పంపింది. అక్క గౌన్ల దుకాణంలో ఆరేళ్ళు బట్ట కత్తిరించింది అతని భార్యే. మూడు నెలల కిందట ఒక గౌను రెండంగుళాలు పొట్టిగా వచ్చింది. అక్క ఊరుకోలేదు. మరదలిని నలుగురి ముందూ ఈ అద్దం ఎదుటే నిలబెట్టి, “చూసుకో, టేపు పట్టడం రాని మొహం ఎలా ఉంటుందో,” అని బయటికి పంపేసింది. అంచు ఎక్కడికి రావాలో అద్దంలో చూసి పిన్ను పెట్టేది వదినేననీ, ఆ పిన్ను దగ్గర కత్తిరించడమే తన పనిగా ఉండేదనీ ఈమె ఎంత మొత్తుకున్నా వినే నాథుడు లేడు. అప్పట్నుంచి ఒక్కరూ గుడ్డముక్క ఆమె చేతికివ్వలేదు. ఆ కడుపుమంట చల్లారలేదు. చల్లార్చుకునే ఉద్దేశమూ ఆమెకి లేదు.

వడ్రంగి అద్దాన్ని నిటారుగా నిలబెట్టాడు. అది మెల్లగా తల వెనక్కి వాల్చింది. పక్క మరలు అరిగిపోయి ఎన్నాళ్ళయిందో, అక్క చూసుకోనే లేదని గొణుక్కుంటూ పనిముట్ల కోసం లోపలికెళ్ళాడు. తిరిగొచ్చేసరికి భార్య అద్దం ముందు నిలబడి, అందులో నేలకి తాకుతున్నట్టున్న తన చీర అంచు వంకా, వంగి కాళ్ళ దగ్గర అసలు అంచు వంకా మార్చి మార్చి చూసుకుంటోంది.

“ఏమండీ, ఇందాక కోపంలో అన్నాను. వదినకి ముప్పై గౌన్ల పని వచ్చిందటగా?”

“ఆఁ, పాటల బృందానికి. పాదాలు కప్పే గౌన్లట. అందుకే ఈ తొందర.”

“మరలు బిగించండి. వాలు మాత్రం ఇలాగే ఉండనివ్వండి. మనిషి ఎంత పొడుగ్గా కనిపిస్తోందో చూడండి. ఆ పిల్లలు మురిసిపోతారు.”

“కోపం పోయినట్టేనా?”

“అయినవాళ్ళతో ఎన్నాళ్ళని?”

వడ్రంగి మనసు తేలికపడింది. మరలు బిగించి, అద్దం అడుగంచు వెనక సీసపు పట్టీ కూడా కొట్టాడు. ఇక ఎంత నిటారుగా నిలబెట్టినా ఆ బరువుకి అద్దం పాత వాలుకే వచ్చి ఆగుతుంది.

అక్క అద్దం చూసుకుని పొంగిపోయింది. మరదలి సలహా అని తెలిసి మూతి విరిచింది కానీ, వాలు మార్చమనలేదు. ఈసారి ఎవర్నీ నమ్మనని, పిన్ను పెట్టడం దగ్గర్నుంచి కత్తిరింపు దాకా అంతా తనదేనని ఊరంతా చాటుకుంది. గౌన్లు కచేరీ సాయంత్రానికి గానీ బృందానికి అందలేదు.

భార్యాభర్తలు ముందు వరసలో కూర్చున్నారు. టికెట్లు ఆమే పట్టుబట్టి తెప్పించింది. గౌన్లన్నీ ఒకే చేతి మీద తయారయ్యాయని వేదిక మీంచి ప్రకటిస్తే, అక్క లేచి నిలబడి చెయ్యి ఊపింది. హాల్లో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మరదలే.

“నీది వెన్నలాంటి మనసే,” అన్నాడు భర్త.

ఆమె ముందుకి వంగి వేదిక కేసి చూసింది. తెర లేస్తోంది.

ముప్పై గౌన్లూ రెండంగుళాలు పొట్టి.