మచ్చల పళ్ళు

"మీ దగ్గర పళ్ళ మీద మచ్చలున్నాయని ఫిర్యాదు వచ్చింది. గంటలో వచ్చి చూస్తాను."

ఏ ఆఫీసో అడిగేలోపే ఆవిడ ఫోన్ పెట్టేసింది. పళ్ళ కొట్టాయన గబగబా మచ్చల పళ్ళన్నీ ఒక బుట్టలోకి ఏరాడు. మచ్చలున్న సరుకు కంటబడితే కొట్టుకి తాళం పడటం ఖాయం.

"ఎదురు జ్యూస్ కొట్టువాడి పనే ఇది. ఫిర్యాదు చేసింది ఎవరో తేలనీ, పళ్ళు రాలగొడతాను."

"ఏవండీ, అసలు సంగతేమిటంటే..." భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో చెప్పబోయింది. కొట్టు వెనకున్న ఆ ఇంట్లోనే పుట్టి పెరిగిన మనిషి. ఎప్పుడు మాట్లాడినా అంతే, చెయ్యి అడ్డం.

"సంగతులు తర్వాత. ముందిది తిను," అని ఆ చేతిలోనే ఒక మచ్చల ఆపిల్ పెట్టాడు.

పారేస్తే చెత్తడబ్బాలో దొరికిపోతాయి. దాస్తే వాసన పట్టిస్తుంది. సోదా చెయ్యలేని చోటు కడుపొక్కటే. ఏడేళ్ళ పాపకి రెండు అరటిపళ్ళు అప్పగించి, మిగతా బుట్ట ఆయనే ముందేసుకున్నాడు. భార్య మళ్ళీ నోరు తెరిచింది. ఇంకో ముక్క కుక్కాడు.

చివరి ద్రాక్ష గొంతు దిగుతుండగా ఫోన్ చేసినావిడ రానే వచ్చింది, చేతిలో చిన్న పెట్టెతో.

"ముందు బోరు చూపించండి."

పళ్ళు కడిగే నీళ్ళని కూడా వదలదన్నమాట అనుకుంటూ ఆయన త్రేన్పు మింగి పంపు తిప్పాడు. ఆవిడ గాజు గొట్టంలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేసింది. గులాబీ రంగు చూస్తుండగానే పసుపుకి తిరిగింది.

"అనుకున్నదే. ఫ్లోరైడ్. మచ్చలు దీనివల్లే."

"ఒట్టు మేడం, నేనేమీ కలపలేదు."

"మీరెందుకు కలుపుతారు? కింద రాతిలోనే ఉంది. ఇంకిన వాన నీళ్ళు రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలవుంటాయి. కొద్దికొద్దిగా అది కరిగి నీళ్ళలో చేరుతుంది. లోతుకి వెళ్ళేకొద్దీ పాత నీళ్ళు, చాలాచోట్ల అంత ఎక్కువ ఫ్లోరైడ్."

"అంటే తప్పు రాయిది. నాది కాదు."

"మీది కాదు. తాగడానికి మాత్రం వేరే నీళ్ళు ఏర్పాటు చేస్తాం."

"కొట్టుకి తాళం?"

"కొట్టుతో నాకేం పని?"

ఆయన గాల్లో తేలిపోయాడు. ఆవిడకి కుర్చీ వేశాడు, ఫ్యాను వేశాడు, ఇంకేం వెయ్యాలో తోచక దండ కోసం వెతికాడు.

"అవన్నీ వద్దులెండి. ఆ మచ్చల పళ్ళు ఒక్కసారి చూపిస్తే ఫొటో తీసుకుని వెళ్తాను."

"ఇంకెక్కడివి మేడం? మీ ఫోన్ రాగానే తినేశాం."

"పళ్ళు... తినేశారా?"

"తొక్కలతో సహా."

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి ఆయన నోటివైపే చూస్తూ నిలబడిపోయింది. భార్యకి ఇక నవ్వు ఆగలేదు. ఫక్కుమంది. చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయింది.

"పాపకి రాబోయేవైనా తెల్లగా ఉండాలని ఫిర్యాదు చేసింది నేనేనండీ," అంటూ గోధుమరంగు మచ్చలున్న పలువరస మొత్తం బయటపెట్టింది. "రాలగొడతానన్నారుగా, ఇవిగో పళ్ళు."