గోడ చాచిన చేయి

ఒక ఎద్దు ఒంట్లో, నెత్తుటి వాగులో, ఒక తెల్లకణం తిరుగుతుండేది. ఆ ఎద్దు కొమ్ములు రెండూ రెండు దిక్కులు చూసేవి. అది వేరే సంగతనుకోండి. ఒకరోజు దాని గిట్టలో తుమ్మముల్లు దిగి విరిగింది. ఎద్దు కుంటింది. వాచిన చోటు నుంచి "రా, రా" అని పిలుపొచ్చింది. అలా పిలుపొస్తే రక్తనాళపు గోడ చేయి చాచేది. తెల్లకణం ఆ చేయి పట్టుకుని ఆగి, పుండులోకి దూరేది.

ఈసారి చేయి అందేలోపే యజమాని ఎద్దుకి వాపు తగ్గే సూది వేయించాడు. పిలుపు ఆగిపోయింది. గోడ నున్నబడింది.

"అక్కా, ముల్లు ఇంకా అక్కడే ఉందే!" అంది తెల్లకణం జారిపోతూ.

"ఎద్దు హాయిగా దున్నుతోంది. మధ్యలో నీ ఏడుపేమిటే?" అంది పక్కనే పోతున్న ఎర్రకణం.

ఒళ్ళంతా చుట్టి గిట్ట దగ్గరి మలుపుకొచ్చిన ప్రతిసారీ తెల్లకణం చేయి చాచేది. ఉత్త నునుపే తగిలేది.

మూడోనాటికి మందు బలం తగ్గింది. పిలుపు సన్నగా వినిపించింది. గోడ చేయి చాచి తెల్లకణం వేళ్ళు పట్టుకుంది.

"ఇన్నాళ్ళూ నన్నెందుకు వదిలేశావు?" అంది తెల్లకణం.

"నా చేతులు కట్టేశారు తల్లీ. నువ్వు వెళ్ళిన ప్రతిసారీ చూస్తూనే ఉన్నాను," అంది గోడ.

వాపు తిరిగొచ్చి ఎద్దు మళ్ళీ కుంటింది. ఈసారి యజమాని గిట్ట ఎత్తి చూశాడు.