వీలునామా తాలీము

తాలీము జరగని వీలునామాకు ముద్ర పడని కాలమది. రాసిన మనిషి ఒక పూటంతా చనిపోయినట్టే మూల కుర్చీలో నోరు మెదపకుండా కూర్చోవాలి. ఆ మనిషి ఎదుటే వారసులు ఆస్తి పంచుకోవాలి. తగువొచ్చిందా, వీలునామా చెల్లదు.

కనకరత్నమ్మ కూర్చుంది. మనిషిని గుర్తుపట్టి తనే ఫ్యాను వేసే ఇల్లు అప్పుడే ఆమెను మరిచిపోయింది. చెమటలు కారుతున్నా నెత్తిమీద ఫ్యాను తిరగలేదు. తను పోయాక కూతుళ్లిద్దరూ విడిపోతారేమోనని ఆమెకు ఏళ్లుగా బెంగ.

ఇల్లు పెద్దకూతురు సుభాషిణికి, బంగారం చిన్నకూతురు ఇందుమతికి. ఇద్దరూ సరేనన్నారు. హమ్మయ్య అనుకున్న తల్లికే ఎందుకో ఉసూరుమనిపించింది. తను పోవడం ఇంత తేలికా?

అంతలో సుభాషిణి మంచం మీది పాతచీరల బొంత మడతపెట్టింది.

"అక్కా, అదిలా తే. అమ్మ వాసనంతా అందులోనే ఉంది."

"నీకు బంగారం వచ్చిందిగా, చాల్లే!"

"ఆ బంగారం నువ్వే పెట్టుకో తల్లీ, బొంత వదులు!"

తగువు పసిగట్టి గోడమీద ఎర్రదీపం వెలిగింది. తాలీము జరిపించడానికొచ్చిన ప్లీడరు షరీఫ్ తల పట్టుకున్నాడు. "తాలీము పోయింది. మళ్లీ వచ్చే ఏడే. ఆ బొంత ఎవరికో ఇప్పుడే చెప్పండమ్మా, రాసేస్తాను."

కనకరత్నమ్మ బొంత లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. ఇల్లు ఆమెను మళ్లీ గుర్తుపట్టి ఫ్యాను వేసింది.

"ఆలోచించుకోవాలి బాబూ," అంది. "ఏడాది పడుతుంది."